టన్ను గ్యాంట్రీకి చక్రాలు: నాలుగుతో భాగించి నేను చేసిన పొరపాటు

ఇది కోస్తాలోని ఒక ఆటోనగర్‌లో జరిగింది. ఊరు, షెడ్డు పేరు రాయడం లేదు. రాసుకోమన్నారు గానీ పేర్లొద్దన్నారు ఓనరు గారు. తప్పు మాత్రం దాచాల్సిన పని లేదు, మొదటి తప్పు నాదే కాబట్టి.

నేను చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతాను. వర్క్‌షాపులకు ట్రాలీలు, ర్యాకులు, చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువులెత్తే సాధనం) తగిలించుకునే స్టాండ్లు చేసిస్తాం. ఇలాంటి చక్రాల స్టాండ్లు అప్పటికి పది పదిహేను చేసి ఉంటాను. ఒక్కటీ వెనక్కి రాలేదు కాబట్టి నా లెక్క సరైనదేనని నమ్మాను. వాటిలో చాలావాటి మీద పూర్తి బరువు ఎప్పుడూ పడలేదన్న సంగతి ఈ కేసు తర్వాతే తట్టింది.

షెడ్డు, అక్కడి పని

లారీ, బస్సు ఇంజన్లు, గేర్ బాక్సులు దించి బాగుచేసే షెడ్డు. వెడల్పు 40 అడుగులు, లోతు 60. పైన రేకులు, పైపు ట్రస్సులు. అంతకుముందు ఆ ట్రస్సుకే గొలుసు చుట్టి చైన్ బ్లాక్ వేలాడదీసేవారు. రేకుల కోసం, గాలి కోసం కట్టిన ట్రస్సుకు ఇంజన్ తగిలిస్తే ఏమవుతుంది? మధ్య పైపు వంగింది. అప్పుడు గ్యాంట్రీ కోసం నన్ను పిలిచారు, అంటే రెండు వైపులా కాళ్లు, పైన అడ్డంగా బీము ఉండి చక్రాల మీద నడిచే స్టాండు.

వాళ్లు ఎక్కువగా ఎత్తేది ఆరు సిలిండర్ల ఇంజన్లు, గేర్ బాక్సుతో కలిపి 600, 700 కిలోలు. అప్పుడప్పుడు జనరేటర్ ఇంజన్లు వస్తాయి. ఒక టన్ను చాలనుకున్నాం. రెండు టన్నుల చైన్ బ్లాక్ కొనేద్దామన్నారు ఓనరు గారు, ధరలో పెద్ద తేడా లేదని. వద్దన్నాను. బ్లాక్ మీద 2 టన్నులని రాసి ఉంటే ఏదో ఒకరోజు ఎవరో ఒకరు 2 టన్నులూ ఎత్తుతారు. కింద ఫ్రేము టన్నుకే చేసిందని ఆ రోజు ఎవరికీ గుర్తుండదు. ఈ ఒక్క విషయంలో మాత్రం మొదటి నుంచీ సరిగ్గానే ఆలోచించాను.

పైన 200 మి.మీ. ఐ బీము, 4 మీటర్ల పొడవు. మీటరుకు సుమారు 25 కిలోలు కాబట్టి బీమే 100 కిలోలు. రెండు వైపులా కాళ్లు, కింద ఛానల్ పాదాలు, బీము మీద నడిచే ట్రాలీ, చైన్ బ్లాక్ అన్నీ కలిపితే 300. బీము మధ్యలో టన్ను వేలాడితే అది వంగేది 3 మి.మీ. నా శ్రద్ధంతా అక్కడే పెట్టాను. లెక్క రెండుసార్లు చూశాను, వెల్డింగులు దగ్గరుండి వేయించాను. చక్రాల సంగతి మాత్రం అయిదు నిమిషాల్లో తేల్చేశాను.

ఆ అయిదు నిమిషాల లెక్క ఇది. బరువు 1000, ఫ్రేము 300, మొత్తం 1300. నాలుగు చక్రాలు, తలకు 325. దుకాణంలో 6 అంగుళాల పీయూ (ఇనుము మీద పాలీయురేథేన్ అనే రబ్బరులాంటి పొర ఉన్న) చక్రం మీద 400 కిలోలని ఉంది. ఇంకా 75 మిగులుంది కదా అని సంతోషించాను. నాలుగూ ఎటు కావాలంటే అటు మళ్లి తిరిగే రకం, నాలుగింటికీ బ్రేకు. వాటి ప్లేట్లను పాదాలకు నేరుగా వెల్డ్ చేసేశాం.

నేల గురించి నా నోట్‌బుక్‌లో ఉన్నది ఒకే మాట: సిమెంటు. నిజానికి ముందు సగమే సిమెంటు. వెనక సగం ఎప్పటివో నాపరాళ్లు, కొన్ని ఎత్తు, కొన్ని పల్లం. ఆ రెంటి మధ్య నూనె నీళ్లు పోయే సన్న కాలువ, దాని మీద ఇనప జాలీ. ఇవన్నీ ఆ రోజు నా కళ్లముందే ఉన్నాయి.

అయిదో వారం

మేస్త్రి గారు ఫోన్ చేశారు. "స్టాండు ఒరిగిందండీ. ఎవరికీ ఏం కాలేదు. ఒకసారి వచ్చిపోండి."

ఇంజన్ లారీలోంచి పైకి తీశారు. బల్ల మీద పెట్టాలి. బల్ల గోడవైపు ఉంది కాబట్టి ట్రాలీని బీము చివరికి లాగేశారు. ఇంజన్ నడుమెత్తులో వేలాడుతుండగానే ముగ్గురు కుర్రాళ్లు స్టాండును తోశారు. సిమెంటు మీద బాగానే వచ్చింది. నాపరాళ్ల దగ్గర ముందు చక్రం ఒక రాతి అంచుకు తగిలి ఆగింది. చక్రం ఆగినా ఇంజన్ ఆగలేదు, ముందుకు ఊగింది. వెనక చక్రాలు బెత్తెడు లేచి మళ్లీ దబ్బున దిగాయి. అక్కడితో అందరూ దూరం జరిగారు.

నేను వెళ్లేసరికి ఇంజన్ దించేసి ఉంది. చక్రాలు ఒక్కొక్కటే చూశాను. బల్లవైపు ఒక చక్రానికి పీయూ పొర లోపలి ఇనుము నుంచి ఊడి, వేలు దూరేంత సందు పడింది. దాని జత చక్రం ఒక పక్క చదునుగా అణిగింది. శనివారం సాయంత్రం వేలాడదీసిన ఇంజన్ సోమవారం దాకా అలాగే ఉందట. రెండో కాలి దగ్గర ఒకటి బాగానే అరిగింది. నాలుగోది మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. ఇదొక్కటైనా మంచి సరుకన్నమాట అనుకున్నాను. తర్వాత అనుమానం వచ్చి పాత పేపరు ముక్క ఒకటి దాని కింద దూర్చాను. ఇటునుంచి అటు హాయిగా వెళ్లిపోయింది. ఆ చక్రం నేలను తాకడమే లేదు.

నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఊగడం అందరికీ తెలిసిందే. మూడు కాళ్లు ఆనితే నాలుగోది గాల్లో ఉంటుంది. గట్టిగా వెల్డ్ చేసిన ఫ్రేమూ అంతే. అందుకే చక్రాలకు బరువు లెక్క వేసేటప్పుడు నాలుగుతో కాక మూడుతో భాగించమని అనుభవమున్నవాళ్లు చెబుతారు. 1300ను మూడుతో భాగిస్తే 433. అప్పటికే నా 400 కిలోల చక్రం చాలలేదు.

అయితే మూడుతో భాగించినా ఇక్కడ సరిపోదు. సరుకు మధ్యలో ఉండే తోపుడు బండ్లకు ఆ సూత్రం పనికొస్తుంది. గ్యాంట్రీలో బరువే అటూ ఇటూ నడుస్తుంది. ఇద్దరు మనుషులు కర్రకు గంగాళం తగిలించి మోస్తున్నారనుకోండి, గంగాళం ఎవరివైపు జారితే వాళ్ల భుజం కుంగుతుంది. మా ట్రాలీ కాలికి అర మీటరు దూరంలో ఉంది. నాలుగు మీటర్ల బీములో ఆ కాలి మీద పడేది 875 కిలోలు. ఫ్రేము బరువులో సగం, 150 కలిపితే 1025. దాన్ని మోసేది ఆ కాలి కింద ఉన్న రెండే చక్రాలు. అంటే ఒక్కోదాని మీద 512. అదీ కదలకుండా ఉన్నప్పుడు. తోస్తుంటే, రాయి దిగుతుంటే, ఊగుతుంటే ఇంకా ఎక్కువ. చక్రాల మీద రాసిన అంకెలో తప్పేమీ లేదు.

నిలకడ లెక్క కూడా అక్కడే నేల మీద సుద్దముక్కతో వేశాను. పాదం వెడల్పు 1.2 మీటర్లు, కొక్కెం తగిలించిన చోటు 3 మీటర్ల ఎత్తు. టన్ను బరువుతో చక్రం ఒక్కసారిగా ఆగితే, గొలుసు సుమారు 15 డిగ్రీలు వాలేసరికే స్టాండు ఒరగడం మొదలవుతుంది. గొలుసు రెండు మీటర్లు దిగి ఉంటే ఇంజన్ అర మీటరు ఊగడమన్నమాట. తిరిగే చక్రాలు వాటి పైనున్న బేరింగు చుట్టూ లోపలికి మళ్లి ఉంటే నేలను ఆనే వెడల్పు ఇంకాస్త తగ్గుతుంది. ఆ రోజు ఎవరి మీదా పడలేదంటే అదృష్టమే.

ప్రయత్నించినవి

ఓనరు గారికి పని ఆగకూడదు. పక్క పాత ఇనుము దుకాణంలో 6 అంగుళాల పోత ఇనుము చక్రాలు దొరికాయి, బరువు ఎంతైనా మోస్తాయన్నారు. నాకూ అభ్యంతరం లేకపోయింది, తాత్కాలికమే కదా అని. పది రోజులు నడిచాయి. బరువు మోసిన మాట నిజమే. కానీ నాపరాళ్ల అంచులు పెంకుల్లా లేచిపోయాయి. నూనె పడిన సిమెంటు మీద బ్రేకు వేసినా స్టాండు జారింది. చక్రం తిరగకుండా ఆగింది గానీ, నేల మీద దానికి పట్టే లేదు. ఇక చప్పుడు సంగతి, పక్క షెడ్డు వాళ్లు వచ్చి అడిగారంటే అర్థం చేసుకోండి.

ఆటో టైర్లు వేద్దామన్నారు మేస్త్రి గారు. గాలి టైరు ఎగుడుదిగుళ్లను మింగేస్తుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ట్రాలీ ఒక పక్కకు వెళ్లగానే ఆ పక్క టైర్లు అణిగి బీము వాలుతుంది. వాలితే ట్రాలీ దానంతటదే ఇంకా అటే జారుతుంది. బరువు మీద పంక్చరైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గేటు చక్రాల్లా నేల మీద ఇనప కోణం పరిచి దాని మీద గాడి చక్రాలు నడుపుదామన్న ఆలోచన కూడా వచ్చింది. ఒకే వరసలో పని జరిగే చోట నేను అదే ఎంచుకుంటాను. ఇక్కడ లారీలు ఆ పట్టాల మీదుగానే లోపలికి రావాలి, స్టాండు ఒక వరస నుంచి ఇంకో వరసకు అడ్డంగా వెళ్లాలి. కుదరదు.

ఇక నా సొంత పరిష్కారం, చక్రం పెద్దది చేయడం. 8 అంగుళాలు వేస్తే రాళ్లు సులువుగా ఎక్కుతుందని నా గట్టి నమ్మకం. ఆర్డరు పెట్టే ముందు ఎందుకో లెక్క వేసి చూశాను. ఆ షెడ్డులో అన్నిటికంటే ఎత్తు రాతి అంచు 8 మి.మీ. చక్రం మీద 512 కిలోలుంటే, ఆ అంచు ఎక్కించడానికి 6 అంగుళాల చక్రానికి కావలసిన తోపుడు సుమారు 257 కిలోలు. 8 అంగుళాల దానికి 218. ఇంతేనా అనిపించింది. చక్రం గట్టిదని, ఊపు లేకుండా మెల్లగా తోస్తున్నారని అనుకుని వేసిన లెక్క ఇది, అసలు పనిలో కొంత అటూ ఇటూ ఉంటుంది. అయినా డబ్బు ఎక్కువ పెట్టి కొంటే తగ్గేది ఆరో వంతు కూడా కాదు.

అప్పుడు అంకెలు తిప్పి చూశాను. చక్రం అదే 6 అంగుళాలు, అంచు మాత్రం 8 నుంచి 2 మి.మీ.కి తగ్గిస్తే? 121 కిలోలు. సగానికి సగం కంటే తక్కువ. చక్రం మార్చడం కన్నా రాయి అరగదీయడం మేలన్నమాట. చక్రాల కోసం పిలిస్తే వచ్చినవాడు నేల బాగుచేయమంటే ఓనరు గారికి ఎలా ఉంటుంది? "మీరు చక్రాలు చూడండి, నేల సంగతి మేం చూసుకుంటాం" అన్నారు కాస్త విసుగ్గానే. సుద్ద గీసిన లెక్క చూపించాను. లెక్క కన్నా, ఖాళీ స్టాండును ఆ అంచు మీద ఆయన చేతే తోయించడం ఎక్కువ పనిచేసింది.

నేల పని రెండు రోజుల్లో అయిపోయింది. స్టాండు నడిచే దారిని మాత్రమే గుర్తించాం, షెడ్డంతా కాదు. లేచిన రాళ్ల అంచులు గ్రైండర్‌తో వాలుగా అరగదీశారు, సందుల్లో సిమెంటు పూశారు. కాలువ మీద జాలీ తీసి మందపాటి ఇనప ప్లేటు నేలకు సమంగా వేశారు.

నైలానా, పీయూనా

చక్రం ఏ పదార్థమన్న దగ్గర నాకూ మేస్త్రి గారికీ కుదరలేదు. ఆయనది నైలాన్. తేలిగ్గా దొర్లుతుంది, నూనెకూ డీజిలుకూ చెక్కుచెదరదు, ఒకేచోట ఉంచినా పీయూ అంత అణగదు, ధర తక్కువ. ఇవన్నీ నిజాలే. నా భయం దాని గట్టిదనం. గట్టి చక్రం ప్రతి చిన్న దెబ్బనూ పైన బేరింగుకూ, అక్కడి నుంచి గొలుసుకూ పంపిస్తుంది.

వాదించుకోవడం ఎందుకని ఒక కాలికి నైలాన్, ఇంకో కాలికి పీయూ, రెండూ 8 అంగుళాలవే, మూడు వారాలు పెట్టి చూశాం. 8 అంగుళాలు ఎందుకంటే, లాభం తక్కువైనా అది ఉచితంగా వస్తోంది: 750 కిలోలు మోసే చక్రం నాకు 6 అంగుళాల్లో దొరకలేదు. చక్రం పెరిగితే స్టాండు ఎత్తూ పెరుగుతుందన్నది మర్చిపోయి మొదటి రోజే బీముతో ఒక ట్యూబ్‌లైట్ పగలగొట్టాం.

మూడు వారాల్లో తేడా చెప్పింది ఒక వాషరు. 2 మి.మీ. వాషరు నేల మీద పెట్టి 500 కిలోల గేర్ బాక్సుతో తోయించాను. నైలాన్ కాలు దాన్ని దాటినప్పుడు చైన్ బ్లాక్ కొక్కెం టంగుమంది. పీయూ కాలు దాటినప్పుడు ఏ చప్పుడూ లేదు. చక్రం మీద వాషరు అచ్చు పడి, కాసేపటికి మాయమైంది. పీయూకు తోపుడు కొంచెం ఎక్కువ కావాలి. నాకు అది లోపంగా తోచలేదు. కష్టమైతే మెల్లగా తోస్తారు. లేత్ రజను పీయూలో గుచ్చుకుంటుందన్నది మాత్రం మేస్త్రి గారి నికార్సయిన అభ్యంతరం. దానికి విరుగుడు స్టాండు కదిపే ముందు చీపురు ఒక్కటే.

పీయూ తీసుకున్నాం. నాలుగూ తిరిగే రకమే ఉంచాం. రెండు బిగింపు చక్రాలు, రెండు తిరిగేవి పెడితే తిన్నగా నడుస్తుంది గానీ లారీ పక్క నుంచి అడ్డంగా తప్పించలేం. తిన్నగా వెళ్లాల్సినప్పుడు చక్రం మళ్లకుండా ఒక్కోదానికి పైనుంచి దిగే పిన్ను మేమే చేసి పెట్టాం. ఈసారి వెల్డింగు లేదు, నాలుగేసి బోల్టులు. వెల్డింగు వేడికి తిరిగే బేరింగులోని గ్రీజు కరిగి కారిపోతుంది. మొదటిసారి చక్రాలు మార్చడానికి గ్యాస్ కట్టర్ పట్టాల్సి వచ్చినప్పుడే చెంప వాయించుకున్నాను.

బరువును చక్రాల మీద నుంచి తీసేయడం

ఇంత చేసినా ఒక ప్రశ్న మిగిలింది. ఎత్తేటప్పుడు బరువు చక్రాలే ఎందుకు మోయాలి? చక్రం అవసరం కదిలేటప్పుడే. ఎత్తడం, దించడం, రాత్రంతా వేలాడదీయడం, వీటికి కాలు కావాలి. ప్రతి చక్రం పక్కన పాదానికి ఒక స్క్రూ జాకీ పెట్టాం. మొదట 20 మి.మీ. రాడ్డుతో చేశాను, మొదటి పరీక్షలోనే వంగింది. తర్వాత 32 మి.మీ.తో చేశాం. కింద 6 అంగుళాల చదరపు ప్లేటు, దాని అడుగున పాత కన్వేయర్ బెల్టు ముక్క. చక్రం కింద పేపరు ముక్క దూరేదాకా జాకీ తిప్పాలి. గాల్లో ఉండిపోయిన నాలుగో చక్రం బాధ కూడా దీంతోనే తీరింది, ఎందుకంటే నాలుగు జాకీలనూ నేలకు తగ్గట్టు విడివిడిగా తిప్పుకోవచ్చు.

అలాగైతే చక్రాలకు ఖాళీ ఫ్రేము బరువు సరిపోతుంది కదా, 750 కిలోలవి దండగ కదా అని ఓనరు గారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. బరువుతో తోయకూడదని బోర్డు పెడతానన్నాను. మేస్త్రి గారు నవ్వారు. "కుర్రాళ్లు తోస్తారండీ. నేను లేనప్పుడు తోస్తారు. అర్జెంటైతే నేనూ తోస్తాను." మనిషి ఏం చేయకూడదో దాన్ని బట్టి కాక, ఏం చేస్తాడో దాన్ని బట్టి చక్రం కొన్నాం. బీము మీద రెండు వైపులా కాలికి మీటరు దూరంలో ట్రాలీ ఆగేలా బోల్టు అడ్డాలు వేశాం. బల్లనే గోడ నుంచి లోపలికి జరిపాం. దాంతో ఒక కాలి మీద పడేది 900కి తగ్గింది, చక్రానికి 450. దానికి ఒకటిన్నర రెట్లు పెట్టుకున్నా 675, మన చక్రం 750. పాదాల వెడల్పు 1.2 నుంచి 1.5 మీటర్లకు పెంచాం. తోయాల్సి వస్తే సరుకు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, అది దాటకూడదు.

అప్పగించే ముందు 1250 కిలోలు, అంటే టన్నుకు నాలుగో వంతు ఎక్కువ, ట్రాలీని అడ్డం దాకా లాగి అరగంట వేలాడదీశాం. ముందు జాకీల మీద, తర్వాత జాకీలు ఎత్తేసి చక్రాల మీద. బోల్టులు, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు, పీయూ అతుకు, అన్నీ మళ్లీ చూశాం. చక్రం మీద రాసిన అంకె ఒక్కటే చూసి ఇప్పుడు చక్రం కొనను.

ఎవరైనా ఫోన్ చేసి టన్ను స్టాండుకు చక్రాలు ఏవి వేయాలని అడిగితే ముందు నేల ఫొటో పంపమంటున్నాను. ఫొటోలో ఎత్తుపల్లాలు కనపడవు కాబట్టి ఆరడుగుల అల్యూమినియం పట్టీని అంచు నేలకు ఆనేలా పొడవునా పెట్టి, కింద సందు ఎక్కడుందో చూసి పంపమంటాను. చాలామందికి ఇది చాదస్తంలా అనిపిస్తోంది. ఇద్దరు మాత్రం నేల బాగుచేయించుకుని పాత చక్రాలతోనే సరిపెట్టుకున్నారు.

ఆర్నెల్ల తర్వాత ఆ షెడ్డుకు వెళ్లాను. పీయూ పొరలు బాగున్నాయి, రెండు చోట్ల రజను గుచ్చుకుని ఉంటే స్క్రూడ్రైవర్‌తో తీశాను. ఒక దిశ పిన్ను వంగింది, మార్చాం. నన్ను వేధించిందల్లా జాకీలు. ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో "జాకీలు దించాకే ఎత్తాలి" అని రాయించాను, ఆ రాత మీద అప్పటికే గ్రీజు చేతుల మరకలు. మరి తిప్పుతున్నారా అని అడిగితే మేస్త్రి గారు చైన్ బ్లాక్ వైపు చూపించారు. జాకీలు తిప్పే రాడ్డు ఒకటే ఉంది, నాలుగింటికీ అదే. దాన్ని ఆయన కొక్కేనికి తగిలించి ఉంచారు. ఏది ఎత్తాలన్నా ముందు ఆ రాడ్డు తీయాల్సిందే.

"రాతలెవరు చదువుతారండీ," అన్నారాయన. "చేతికి రాడ్డొస్తే మాత్రం తిప్పుతారు."